గార్బేజ్ డిస్పోజల్ - నీటి లీకు మరమ్మతు

గార్బేజ్ డిస్పోజల్ అనగా వంటగది సింకు అడుగున బిగించి, ఆహార వ్యర్థములను నలుగగొట్టి నీటితో పాటు మురుగు గొట్టములోనికి పంపు విద్యుత్ యంత్రము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇది విరివిగా వాడుకలో ఉన్నది. అచ్చట స్థిరపడిన తెలుగువారి ఇండ్లలోను కనిపించును. ఇందులో తరచుగా ఏర్పడు లోపములలో నీరు కారుట ఒకటి. నీరు ఏ చోటు నుండి కారుచున్నదో తెలిసినచో, ఇంటిలోనే సరిచేయవచ్చునో, యంత్రమునే మార్చవలెనో నిర్ణయించవచ్చును. లీకును ఉపేక్షించినచో సింకు క్రింది చెక్క అర ఉబ్బి పాడగును, బూజు పట్టును. విద్యుత్ భాగములు తడిసినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

చరిత్ర

విస్కాన్సిన్ రాష్ట్రములోని రసీన్ నగరమునకు చెందిన వాస్తుశిల్పి జాన్ హామ్స్ 1927లో ఈ యంత్రమును రూపొందించెను. 1935లో ఆయనకు పేటెంటు లభించినది. ఆయన స్థాపించిన ఇన్‌సింకరేటర్ సంస్థను 1968లో ఎమర్సన్ సంస్థయు, 2022లో వర్ల్‌పూల్ సంస్థయు కొనుగోలు చేసినవి. న్యూయార్క్ నగరములోని అధిక భాగములో 1970ల నుండి అమలులో ఉన్న నిషేధమును 1997లో తొలగించిరి.

నిర్మాణము

ఈ యంత్రములో కత్తులుండునని పలువురి అభిప్రాయము. అది సరికాదు. మోటారు త్రిప్పు పళ్ళెము మీద కదలు లోహపు ముక్కలుండును. పళ్ళెము వేగముగా తిరుగునప్పుడు వ్యర్థములు అంచునకు విసరబడి, చుట్టునున్న గరుకైన వలయమునకు ఒరసికొని నలిగిపోవును. గృహోపయోగ మోటార్లు సాధారణముగా 1/3 నుండి 1 అశ్వశక్తి వరకు ఉండును. నలుగు గది పైన, మోటారు క్రింద ఉండును. ఈ రెంటి నడుమనున్న సీలు మోటారులోనికి నీరు దిగకుండ కాపాడును.

లీకు స్థానమును కనుగొనుట

నీరు ఎచ్చట కారినను యంత్రము వెంబడి జారి అడుగుననే చుక్కలుగా పడును. కావున అడుగున తడి కనిపించినంత మాత్రమున లోపము అచ్చటనే ఉన్నదని భావింపరాదు. పరీక్షను పై నుండి క్రిందికి జరుపవలెను.

# మొదట బ్రేకరును ఆపి, ప్లగ్గు ఉన్నచో ఊడదీయవలెను. స్విచ్చు నొక్కి యంత్రము తిరుగుట లేదని నిర్ధారించుకొనవలెను.
# యంత్రమును, గొట్టములను పొడిగుడ్డతో తుడిచి, క్రింద బకెట్టు ఉంచవలెను.
# సింకు రంధ్రమును మూతతో మూసి, ఆహారపు రంగు కలిపిన నీరు నింపి 15 నిమిషములు వేచియుండవలెను. పై అంచు వద్ద రంగు నీరు కనిపించినచో లోపము ఫ్లాంజి వద్ద ఉన్నది. (సింకు రంధ్రములో కూర్చుండు లోహపు అంచును ఫ్లాంజి అందురు.)
# అప్పుడు కనిపించనిచో మూత తీసి నీటిని వదలి, కాగితపు రుమాలుతో ప్రక్క గొట్టములను, అడుగు భాగమును ఒత్తి చూడవలెను.

మరమ్మతు

పైభాగము: ముందుగా ఫ్లాంజి క్రింది మూడు స్క్రూలను సమముగా బిగించి చూడవలెను. అయినను కారినచో పాత పుట్టీ ఎండిపోయినదని గ్రహించవలెను. యంత్రము బరువైనది గనుక దాని క్రింద పుస్తకముల దొంతర వంటి ఆధారము ఉంచి, ప్రక్క గొట్టములను విప్పి, బిగింపు వలయమును త్రిప్పి దించవలెను. స్క్రూలను వదులు చేసి, స్ప్రింగు వలయమును తీసి, ఫ్లాంజిని పైకి లాగవలెను. పాత పుట్టీని పూర్తిగా గీకివేసి, క్రొత్త పుట్టీని సుమారు 12 మి.మీ. మందముగల త్రాడువలె పేని, ఫ్లాంజి అంచు క్రింద చుట్టి, రంధ్రములో నొక్కవలెను. సింకు గ్రానైటు వంటి రాతిదైనచో పుట్టీలోని నూనె మరక చేయవచ్చును కాబట్టి సిలికాన్ వాడుట మేలు. తిరిగి బిగించునప్పుడు ఒకే స్క్రూను చివరి వరకు బిగింపక, మూడింటిని కొంచెము కొంచెముగా బిగించవలెను.

ప్రక్క భాగము: గిన్నెలు కడుగు యంత్రపు గొట్టము వద్ద కారినచో క్లాంపును బిగించవలెను. గొట్టము చీలినచో మార్చవలెను. మురుగు గొట్టము వద్ద కారినచో దాని బోల్టులను విప్పి, అరిగిన రబ్బరు వాషరు స్థానములో క్రొత్తది అమర్చవలెను.

అడుగు భాగము: పైన, ప్రక్కన పొడిగా ఉండి, అడుగునున్న రీసెట్ బొత్తాము వద్ద నీరు కారినచో లోపలి సీలు అరిగినదని గాని, గది గోడ చిట్లినదని గాని అర్థము. దీనిని ఇంటిలో సరిచేయుట ఆచరణసాధ్యము కాదు. విద్యుత్తును నిలిపివేసి, యంత్రమునే మార్చుట క్షేమకరము.

మరమ్మతు ముగిసిన పిదప విద్యుత్తు ఇవ్వకమునుపే రంగు నీటి పరీక్షను మరల జరుపవలెను.

జాగ్రత్తలు

* విద్యుత్తు ఆపియున్నను యంత్రములో చేయి పెట్టరాదు. పడిన వస్తువును పటకారుతో తీయవలెను.
* మునగకాడల పిప్పి, కొబ్బరి పీచు, అరటి తొక్కలు వేయరాదు. వీని నారలు పళ్ళెమునకు చుట్టుకొనును.
* మిగిలిన అన్నమును ఎక్కువగా వేసినచో గొట్టములో జిగురుగా పేరుకొనును. నెయ్యి, నూనె చల్లారి గడ్డకట్టును. గొట్టము మూసికొన్నచో నీరు వెనుకకు నిలిచి అతుకులపై ఒత్తిడి పెరుగును.
* యంత్రము నడచునంతసేపు చన్నీరు వదలి, ఆపిన పిదప కూడ కొన్ని క్షణములు పారనీయవలెను.