చెఱసాల సరకు – చేతిపనివాని బ్రతుకు



శిక్షపడినవానికి పని యుండవలెనా యని యడిగినచో, ఉండవలెననియే యెల్లరును చెప్పుదురు. సోమరితనము ఖైదీని చెఱచును. నేర్చిన వృత్తి విడుదల పిమ్మట వానిని నిలుపును. అందువలననే రాజమహేంద్రవరము కేంద్ర కారాగారము మొదలగు తావుల నేతపని, వడ్రంగము, కుట్టుపని చేయించుచున్నారు. చిక్కంతయు ఆ సరకు నెవరు కొనవలెనను నొద్ద పుట్టుచున్నది.

ఖైదీకి కూడు, గుడ్డ, నీడ సర్కారువారివి. పనిశాలకు అద్దె లేదు. కూలి స్వల్పము. చీరాలలోనో మంగళగిరిలోనో మగ్గముపై కూర్చుండు నేతగాడన్ననో, తన కూలిలోనే బియ్యమునకును, బిడ్డల చదువునకును సొమ్ము చూచుకొనవలెను. ఈ యిరువురి గుడ్డయు ఒక్క అంగడిలో ఒక్క ధరకు నిలువజాలదు.

ఇది క్రొత్త మొఱ కాదు. మచిలీపట్టణపు తివాచీలు ఒకప్పుడు దేశాంతరములందు పేరొందినవి. సర్ జార్జి బర్డ్‌వుడ్డు 1880లో భారతదేశపు శిల్పములపై ప్రకటించిన గ్రంథమున ఆ కళయొక్క క్షీణతను చెప్పి, ప్రభుత్వ కారాగారముల పోటీ వంశపరంపరగా వచ్చిన నేతగాండ్రను దెబ్బతీయుచున్నదని ఆక్షేపించెను.

దీనికి పెద్దలు చూచిన ఉపాయము, ఖైదీల సరకును అంగడి కెక్కింపక ప్రభుత్వ శాఖలే కొనుట. సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన 1919లో నియమింపబడిన భారత కారాగార సంఘమువారు ఈ త్రోవనే బలపఱచిరి.

అయినను సర్కారును ఒక కొనుగోలుదారే గదా! బడికి కావలసిన బల్లలను జైలునుండి తెప్పించినచో, అంగలకుదురు వడ్రంగికో తెనాలి వడ్రంగికో రావలసిన పని అంత తగ్గును. సర్కారునకు గుడ్డ నమ్మి బ్రతుకు చేనేత సహకార సంఘముల గతియు నిట్టిదే. పోటీ అంగడిని విడిచి కచేరీలో ప్రవేశించినది, నశింపలేదు.

కావున మూడు కట్టుబాట్లు వలయును. మొదటిది, భారమంతయు ఒక్క వృత్తిపై పడకుండ సరకులను పలువిధములుగా చేయించుట. అమెరికాలో 1934లో ఫెడరల్ కారాగార పరిశ్రమల సంస్థను నెలకొల్పినప్పుడు ఈ నియమమునే విధించిరి. రెండవది, ధరలో న్యాయమైన కూలిని చేర్చుట. కఠినశిక్ష పొందినవారిచే పని చేయించుట తప్పుగాదు గాని తగిన కూలి యీయవలెననియు, అందు కొంత బాధితులకు చెందవలెననియు మన సుప్రీంకోర్టు 1998లో తీర్పు చెప్పినది. మూడవది, ఖైదీల శ్రమను ప్రైవేటు గుత్తదారుల చేతికి ఈయకుండుట. బలవంతపు చాకిరిని గూర్చి 1930లో ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడిక దీనిని నిషేధించినది. మన దేశము 1954లో దానికి సమ్మతించినది.

ఇందువలన ప్రభుత్వమునకు ఖర్చు పెరుగును గదా యని కొందఱందురు. కొంత పెరుగును, నిజమే. కాని ఖైదీ యెల్లకాలము ఖైదీ కాడు. శిక్ష తీఱిన మఱునాడు వాడును మగ్గమునో ఉలినో నమ్ముకొని మన నడుమకే రావలెను. నేడు వాని చేతిపనిని కారుచౌకగా లెక్కగట్టి ఆ వృత్తినే కూల్చినచో, రేపు వాడు నిలుచుటకు చోటెక్కడిది? న్యాయమైన ధర నేటి నేతగానిని కాచును. రేపు విడుదల కానున్నవానిని సైతము కాచును.