సేల్, కన్సైన్‌మెంట్, బార్టర్: మాట మారితే నష్టం చేతులు మారుతుంది

పలమనేరు నుంచి చెన్నైకి టమోటా లారీ కదలగానే "సరుకు అమ్మేశాం" అనడం వ్యాపారులకు పరిపాటి. దారిలో లారీ నిలిచి సరుకు కుళ్లిందంటే తగాదా మొదలవుతుంది. మన నోట 'అమ్మకం' ఒక్కటే మాట. ఇంగ్లీషు కాగితాల్లో మాటలు అనేకం, ఫలితాలూ అనేకం.

1930 సరుకుల విక్రయ చట్టం 'సేల్'ను 'అగ్రిమెంట్ టు సెల్' నుంచి వేరు చేసింది. సరుకుపై హక్కు అప్పుడే కొన్నవారికి మారితే సేల్. మున్ముందు గానీ, ఏదైనా షరతు తీరాక గానీ మారవలసి ఉంటే అగ్రిమెంట్ మాత్రమే. వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు ఎవరిదో నష్టమూ వారిదే. చాలామంది పొరబడేది ఇక్కడే. బయానా ముట్టినంత మాత్రాన సేల్ కాదు, అరువు పెట్టినంత మాత్రాన సేల్ కాకపోదు. ఆర్డరు ప్రకారం సరుకును లారీకెత్తి, హక్కు తమ వద్ద నిలుపుకోకుండా పంపితే సాధారణంగా అది కొన్నవారిదైనట్టే.

చింతపండు, బెల్లం బేరాల్లో తూకం కీలకం. గోదాములోని ఫలానా నిలువను క్వింటాలు ఇంతని మాట్లాడుకుని, తూచి ధర తేల్చే బాధ్యత అమ్మేవారిదైతే, తూకం ముగిసి ఆ సంగతి కొన్నవారికి తెలిసేదాకా హక్కు మారదు. ఆ రాత్రే గోదాములో నీరు చేరితే నష్టం అమ్మేవారిదే.

'కన్సైన్‌మెంట్' సంగతి వేరు. కమిషన్‌పై అమ్మిపెట్టమని మండీకి పంపిన సరుకును మండీవారు కొన్నట్టు కాదు; వారు ఏజెంట్లు. వారి అజాగ్రత్త లేనంతవరకు కుళ్లినా, ధర పడినా పంపినవారే భరించాలి. అయితే చీటీపై రాసిన పేరొక్కటే చాలదు, వ్యవహారం నిజంగా ఎలా నడిచిందో కోర్టులు చూస్తాయి.

'సేల్ ఆర్ రిటర్న్' అంటే నచ్చకపోతే తిప్పిపంపే షరతు. గడువు దాటాక ఉంచుకుంటే కొన్నట్టే. వేలంలోనైతే, పాట ఖరారైనట్టు ప్రకటించేలోగా పాడినవారు వెనక్కు తగ్గవచ్చునని అదే చట్టం చెబుతుంది. ఇక 'బై', 'పర్చేజ్' మధ్య తేడా వెతకనక్కరలేదు; రెండోదానికి కాస్త ఆఫీసు దర్జా, అంతే.

'బార్టర్' సేల్ కాదు, ఎందుకంటే 1930 చట్టంలో ధర అంటే డబ్బే. కానీ 2017 జీఎస్టీ చట్టం బార్టర్‌నూ, ఎక్స్ఛేంజ్‌నూ 'సప్లై'లో చేర్చింది. పాత పంపుసెట్టు తీసుకుని, పైన కొంత రొక్కానికి కొత్తది ఇచ్చే దుకాణదారుకు ఆ రొక్కంపైనే పన్ను కడితే సరిపోదు. కొత్త సెట్టు బహిరంగ మార్కెట్ విలువనే లెక్కలోకి తీసుకుంటారు.