ఎండ, ఇసుక, రబ్బరు: బహ్రెయిన్‌లో స్పోర్ట్స్ బైకు టైర్ల ఎంపిక

2004 ఏప్రిల్‌లో బహ్రెయిన్‌లోని సఖీర్ ఎడారిలో మొదటి ఫార్ములా వన్ పందెం జరిగినప్పుడు నిర్వాహకులను కలవరపెట్టిన వాటిలో ఇసుక ఒకటి. అది గాలికి లేచి ట్రాకు మీద పడకుండా చుట్టుపక్కల నేలమీద జిగురు ద్రావణం చల్లించారు. ట్రాకు పైపొరకు కావలసిన కంకరను ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ నుంచి, బేస్టన్ హిల్ అనే క్వారీ నుంచి, ఓడల్లో తెప్పించారు. బహ్రెయిన్ నేలలో దొరికేది ప్రధానంగా సున్నపురాయి. వాహనాల రాపిడికి సున్నపురాయి నునుపు తేలుతుంది. ష్రాప్‌షైర్ రాయి ఏళ్ళ తరబడి గరుకుగానే ఉంటుంది. ఆ గరుకుకూ ఆ వేడికీ తట్టుకోవాలని పిరెల్లి సంస్థ ఇటీవలి సంవత్సరాల్లో ఈ పందేనికి తన వరుసలోని అతి గట్టి రబ్బర్లను, సీ1, సీ2, సీ3 అనే వాటిని, పంపుతూ వచ్చింది.

సర్క్యూట్ గేటు దాటి బయటికొస్తే, స్పోర్ట్స్ బైకు టైర్లు అరిగిపోయినవారికి వినిపించే సలహా దీనికి తలకిందులుగా ఉంటుంది: ‘డబ్బుకు చూడకు, అన్నిటికంటె మెత్తని రబ్బరు వేయించు, పట్టు బాగుంటుంది.’ మెత్తని రబ్బరుకు పట్టు ఎక్కువన్నది అబద్ధం కాదు. కాని ఆ మాట ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ రోడ్డు మీద, ఎంతకాలం నిజమో చెప్పకపోతే ఆ సలహా సగమే. ద్విచక్ర వాహనం విషయంలో మిగిలిన సగం ప్రాణం మీదికి రావచ్చు.

బండి, మనిషి కలిసి 280 కిలోలనుకుందాం. చక్రానికి 140 కిలోలు. ముందు టైరులో 36 పి.ఎస్.ఐ. గాలి ఉంటే, అది చదరపు సెంటీమీటరుకు సుమారు రెండున్నర కిలోల పీడనం. 140ని దానితో భాగిస్తే 56 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. 42 పి.ఎస్.ఐ. ఉండే వెనుక టైరుకైతే 47. టైరు గోడల బిగువు వల్ల అసలు లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గాని, విషయం మారదు. వేళ్ళు విడిచిపెట్టి చూసిన అరచేయికంటె చిన్నవైన రెండు రబ్బరు ముక్కలు మనిషిని నేలకు పట్టి ఉంచుతున్నాయి.

ఆ ముక్క నేలను పట్టుకునే తీరు చిత్రమైనది. రబ్బరు పూర్తిగా స్ప్రింగూ కాదు, పూర్తిగా జిగట ద్రవమూ కాదు. రెండిటి గుణాలూ అందులో ఉన్నాయి. కంకర మొనల మీద అది నొక్కుకుపోయి, మళ్ళీ పైకి లేచేటప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారి పోతుంది. ఆ నష్టమే మనకు పట్టుగా లభిస్తుంది. మరీ చల్లగా ఉంటే రబ్బరు బిగుసుకుపోయి కంకర సందుల్లోకి దిగదు. మరీ వేడెక్కితే దాని బలం సడలి, పైపొర పొక్కులుగా, పొట్టుగా రాలిపోతుంది. ప్రతి రబ్బరు మిశ్రమానికీ ఈ రెంటి నడుమ తనకు నప్పే ఒక వేడి ఉంటుంది. పందెపు టైర్లకు అది ఎక్కువ; అందుకే పందేల్లో వాటిని విద్యుత్ దుప్పట్లు కప్పి ముందే వేడి చేసి తెస్తారు. రోడ్డు టైర్లు ఇంటి ముందు బండి తీసిన క్షణం నుంచే పనిచేయాలి కనుక వాటి మిశ్రమం వేరు.

బహ్రెయిన్‌లో ఆ దుప్పటి పని ఎండే చేస్తుంది కదా అనిపించవచ్చు. జులై, ఆగస్టుల్లో గాలి వేడి 40 డిగ్రీల చుట్టూ తిరుగుతుంది. మధ్యాహ్నం తారు రోడ్డు 60 దాటుతుంది. మన రెంటచింతల మే నెల ఎండ నాలుగు నెలలు సాగితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయితే టైరు అసలు వేడి బయటినుంచి రాదు, లోపలి నలుగుడు నుంచి వస్తుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు, మలుపులో బండిని వంచినప్పుడు, వంపులోంచి ఒక్కసారి వేగం పెంచినప్పుడు రబ్బరు నలుగుతుంది. అలా నలగడానికి రోడ్డుకు మలుపులుండాలి.

ఈ దీవికి లేనివి మలుపులే. అన్నిటికంటె ఎత్తయిన జబల్ అద్దుఖాన్ కొండ 130 మీటర్ల పైచిలుకు మాత్రమే. 1986లో తెరిచిన కింగ్ ఫహద్ కాజ్‌వే సముద్రం మీదుగా సుమారు 25 కిలోమీటర్లు సౌదీ తీరానికి పోతుంది. దాని మీద బండి వంచే సందర్భమే అరుదు. ఇలాంటి చోట మెత్తని టైరు నడిమి భాగం మాత్రమే, అదీ వేడెక్కిన గరుకు రోడ్డు మీద, త్వరత్వరగా అరుగుతుంది. అంచులు కొత్తగానే మిగులుతాయి. గుండ్రంగా ఉండవలసిన టైరు నడుమ చదునై పలకబారుతుంది. అప్పుడు వలయ కూడలి దగ్గర బండి వంచబోతే మొదట మొరాయించి, చదును అంచు దాటగానే ఒక్కసారిగా పడినట్టు వంగుతుంది. అనుభవం లేని చేతికి అది అపాయం. పట్టు కోసం అదనంగా పెట్టిన డబ్బు ఎన్నడూ నేలను తాకని అంచుల్లో ఉండిపోతుంది.

అందువల్ల రోజూ ఆఫీసుకూ, శుక్రవారం షికారుకూ వాడే స్పోర్ట్స్ బైకుకు నా దృష్టిలో తగినది రెండు మిశ్రమాల టైరు: నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తది. స్పోర్ట్ టూరింగ్ అనే తరగతిలో మిషెలిన్ రోడ్ 6, పిరెల్లి ఏంజెల్ జీటీ 2, బ్రిడ్జ్‌స్టోన్ టీ32 ఇలాంటివే. ఈ తరగతి పేరు వినగానే ముఖం చిట్లించే బైకు ప్రియులున్నారు, అదేదో పెద్దవాళ్ళ టైరన్నట్టు. నిజానికి మామూలు రోడ్డు మీద వాటి పట్టు హద్దును చేరుకునే చోదకుడు అరుదు. అయితే బహ్రెయిన్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ తన 5.4 కిలోమీటర్ల ట్రాకును సొంత బండ్లు తెచ్చుకునేవారికి కొన్ని రాత్రులు తెరుస్తుంది. తరచు అక్కడికి వెళ్ళేవారి లెక్క వేరు; ఆ గరుకు మీద, ఆ వంపుల్లో స్పోర్ట్ టూరింగ్ టైరు అతిగా వేడెక్కుతుంది. ఒకే జత రెంటికీ కావాలంటే మధ్యనుండే హైపర్‌స్పోర్ట్ తరగతి, అంటే డయాబ్లో రోసో 4 వంటిది, ఎంచుకుని అది త్వరగా అరుగుతుందని ముందే ఒప్పుకోవాలి.

టైరు పేరు మీద జరిగినంత చర్చ దాని వయసు మీద జరగదు. వేడి దేశంలో వయసే ముఖ్యం. ఆక్సిజన్, ఓజోన్ రబ్బరు అణువుల గొలుసులను నెమ్మదిగా తెంపుతూ, కొత్త ముడులు వేస్తూ దాన్ని పెళుసుగా మారుస్తాయి. ఇలాంటి రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూల నియమం. అంటే ఏసీ లేని రేకుల గోదాములో రెండు వేసవులు గడిపిన ‘కొత్త’ టైరు, చల్లని చోట అంతే కాలం ఉన్నదానికంటె ముసలిది. టైరు గోడ మీద ‘డాట్’ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. డబ్బు ఇవ్వకముందే రెండు టైర్ల మీదా ఈ అంకెలు చదవాలి. రాయితీ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు రెండుసార్లు చదవాలి. వాడుకలో ఉన్న టైర్లను అయిదేళ్ళు దాటాక ఏటా నిపుణుడికి చూపించమని మిషెలిన్ చెబుతుంది. గల్ఫు ఎండలో ఆరుబయట నిలిపే బండికి నేనైతే అంత గడువు ఇవ్వను. వారానికొకసారి తీసే స్పోర్ట్స్ బైకుకు ట్రెడ్ లోతు చూసి మోసపోవడం తేలిక. గాడులు నిండుగా కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది.

ఇక గాలి సంగతి. ‘ఎండాకాలం టైరు పేలుతుంది, గాలి కాస్త తగ్గించి కొట్టించు’ అనే మాట మన ఊళ్ళలోనూ ఉంది, గల్ఫుకూ మనతోపాటే వచ్చింది. ఇది తలకిందులు. గాలి తగ్గితే టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది, పేలే ప్రమాదం అప్పుడే పెరుగుతుంది. కొలిచే వేళ కూడా ముఖ్యమే. మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి టైరు 45 డిగ్రీలుందనుకుందాం. అప్పుడు సరిగ్గా 36 పి.ఎస్.ఐ. పెట్టించి, దాన్ని జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల్లో మళ్ళీ కొలిస్తే, గాలి ఏమీ కారకపోయినా 31 చూపిస్తుంది. వాతావరణ పీడనాన్ని కలిపి, ఉష్ణోగ్రతను కెల్విన్‌లలో లెక్కగడితే వచ్చే అంకె ఇది. సుమారు ఆరు డిగ్రీలకు ఒక పి.ఎస్.ఐ. చొప్పున తేడా. తయారీదారు చెప్పిన అంకె చల్లని టైరుకు. హోండా సీబీఆర్600ఆర్ఆర్ వంటి బండ్లకు ముందు 36, వెనుక 42. కనుక సూర్యోదయానికి ముందు, బండి తీయకముందు కొలవాలి. ప్రయాణం మధ్యలో అంకె పెరిగిందని గాలి వదలకూడదు. నైట్రోజన్ నింపితే ఈ బెడద ఉండదంటారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. వేడికి అది వ్యాకోచించే సూత్రమూ అదే.

కొలతలో సొంత తెలివి పనికిరాదు. 180/55 జెడ్ఆర్ 17 (73డబ్ల్యు) అంటే 180 మి.మీ. వెడల్పు, అందులో 55 శాతం, అంటే 99 మి.మీ. ఎత్తు, 17 అంగుళాల రిమ్ము. 73 అన్నది 365 కిలోల బరువుకు సంకేతం. డబ్ల్యు అంటే గంటకు 270 కి.మీ. వేగం, దాన్ని బ్రాకెట్లలో వేస్తే అంతకు మించి కూడా తట్టుకుంటుందని అర్థం. వెనుక నుంచి చూస్తే దిట్టంగా కనిపిస్తుందని అయిదున్నర అంగుళాల రిమ్ముకు 190/50 ఎక్కించేవారున్నారు. దాని ఎత్తు 95 మి.మీ.కు తగ్గుతుంది, ఇరుకు రిమ్ములో అంచులు లోపలికి నొక్కుకుంటాయి. బండి వెనుక భాగం దిగి, తిరగడంలో బద్ధకం వస్తుంది.

ఇసుకకు మాత్రం ఏ టైరూ మందు కాదు. రేణువులు రబ్బరుకూ రోడ్డుకూ మధ్య బేరింగు గుండ్లలా దొర్లుతాయి. అక్కడ మిశ్రమం మెత్తదా గట్టిదా అన్న ప్రశ్నే లేదు. వాన సంగతి అలా కాదు. ఏడాదికి వంద మిల్లీమీటర్లయినా కురవని చోట వాన టైరు గురించి ఆలోచించడం వృథా అనిపిస్తుంది. కాని అరుదుగా కురవడం వల్లనే నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము మొదటి జల్లుకు బురదజిడ్డుగా మారతాయి. తడిలో పట్టునిచ్చేది మిశ్రమంలోని సిలికా. నీటిని పక్కకు తోసేవి గాడులు. గాడులు బాగా తక్కువగా ఉండే ట్రాకు టైరు ఆ ఒక్కరోజు నమ్మదగింది కాదు.

మార్చేటప్పుడు ముందు వెనుకలు ఒకే రకం జతగా వేయించాలి. తిరిగే దిశ చూపే బాణం గుర్తు సరిచూసుకోవాలి. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది కనుక మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు వంపు కొద్దికొద్దిగా పెంచుతూ నడపాలి; తిన్నటి రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగినా అంచుల నునుపు పోదు. బండి కడిగాక మెరుపు కోసం టైర్లకు పూసే ద్రవాన్ని కడిగే కుర్రాడు అడగకుండానే పూస్తాడు. వద్దని అతనికి ముందే చెప్పాలి.