ఆగి ఉన్న కారులో బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

సాయంత్రం చక్కగా నడిచిన కారు పొద్దున సెల్ఫ్ తీసుకోదు. పక్కింటివాళ్ల కారుకు కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేస్తారు. మూడు రోజులకు మళ్లీ అదే తిప్పలు. అప్పుడు ఎవరిని అడిగినా ఒకటే సలహా.

అపోహ: బ్యాటరీ పోయింది, కొత్తది వేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: కారులోనే ఎక్కడో కరెంటు లాగేస్తుంటే కొత్త బ్యాటరీ కూడా అలాగే దిగిపోతుంది. వేలు ఖర్చు పెట్టేముందు తేల్చుకోవడం తేలికే. బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేయించి, రాత్రికి నెగటివ్ తీగ ఊడదీసి ఉంచండి. పొద్దున మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర నిలబడిందంటే అనుమానం కారు మీదకు మళ్లాలి. 12.2 అంటే సగం ఖాళీ అయినట్టే. ఏమీ తగిలించకుండానే అంత పడిపోతే తప్పు బ్యాటరీదే.

అపోహ: తాళం తీసేస్తే కారు కరెంటు వాడదు.

వాస్తవం: గడియారం, అలారం, రిమోట్ లాక్, కంప్యూటర్ జ్ఞాపకం ఇవన్నీ మేలుకునే ఉంటాయి. మొత్తం కలిపి సాధారణంగా 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. అదే డిక్కీలో 5 వాట్ల బల్బు ఆరకుండా ఉండిపోతే రోజుకు సుమారు 10 ఆంపియర్-అవర్లు తినేస్తుంది. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండు మూడు రోజులకు మించి తట్టుకోదు. బయట బిగించిన డాష్‌క్యామ్, స్టీరియో, జీపీఎస్‌లను మొదట అనుమానించాలి.

అపోహ: మీటర్ పెట్టగానే ఎక్కువ చూపిస్తే లీకేజీ ఉన్నట్టే.

వాస్తవం: తొందరపాటుతో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. తలుపులు మూశాక లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట, కొన్ని కార్లలో గంట పడుతుంది. నెగటివ్ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి ఓపిగ్గా ఆగాలి. ఆ సమయంలో తాళం తిప్పకూడదు, సెల్ఫ్ అసలే కొట్టకూడదు. మీటర్ ఫ్యూజు కాలిపోతుంది. అంకె స్థిరపడ్డాక కూడా ఎక్కువే ఉంటే ఒక్కో ఫ్యూజు తీసి చూడండి. ఏది తీస్తే అంకె ఒక్కసారిగా పడిపోతుందో ఆ లైన్లో దొంగ ఉన్నాడు.

రోజూ పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి వదిలేస్తే చాలన్నది ఇంకో నమ్మకం. ఐడిలింగ్‌లో అల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ. సెల్ఫ్‌కు పోయినది పూడ్చుకోవడానికే అది సరిపోవచ్చు. కాస్త దూరం నడపడం మేలు.

ఒకటి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి: అల్టర్నేటర్‌ను పరీక్షించడానికి నడుస్తున్న ఇంజిన్‌లో బ్యాటరీ తీగ పీకడం. వోల్టేజి ఎగిసి కంప్యూటర్లు కాలిపోవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటర్ పెడితే చాలు, చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి.

ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే అల్టర్నేటర్ లోపలి డయోడ్ చెడిపోయిందేమో చూడమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. దాని లావు తీగ ఆ చిన్న ఫ్యూజుల గుండా రాదు కాబట్టి వాటిని పీకి చూస్తే అది దొరకదు.