విడిముద్రణ ప్రతులు

శాస్త్రపత్రికలయందును బరిశోధక సంఘముల సంచికలయందును వెలువడిన యొక వ్యాసమును మాత్రము వేఱుపఱచి, కొలఁది ప్రతులుగా నచ్చొత్తించి, పలుచని యట్టవేసి కుట్టి రచయితకిచ్చు నాచారము కలదు. సాధారణముగా నివి యిరువదియైదో యేఁబదియో యుండును. వీనిని మనవారు విడిముద్రణములనియుఁ బ్రత్యేక ముద్రణములనియు నొక్కొక్కచోఁ బునర్ముద్రణములనియు వ్యవహరించుచున్నారు. ఈ కడపటి పేరు సరియైనది కాదు. పునర్ముద్రణమనఁగా నక్షరములు మరలఁ గూర్చి మరల నచ్చువేయుట. విడిముద్రణమన్ననో సంచికకై కూర్చిన యక్షరములతోనే, ఆ ఫారములను విప్పకమునుపే, మఱికొన్ని కాగితములు తీయుట. మొదటిదానిలోఁ గ్రొత్త తప్పులు చేరవచ్చును. రెండవదానిలోఁ బత్రికయందలి తప్పులే యుండును. ప్రత్యేక సంచికయు దీనికంటె భిన్నమే. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక స్వతంత్ర గ్రంథమువంటిది. దాని కొక తల్లిసంచిక లేదు. నెల్లూరి యముద్రితగ్రంథచింతామణి వంటి పత్రికలలో భాగభాగములుగా వెలువడిన కావ్యములను, ఆ సంచికలనుండి విడఁదీసి యింటఁ గుట్టించుకొన్న ప్రతులును విడిముద్రణములు కావు. అవి చదువరి చేఁతలు.

ఈ చర్చ యచ్చుకూటములవారికిఁ గాని పండితులకేల యని కొంద ఱనవచ్చును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల చరిత్రమును బాఠశాలలలో బోధింపఁబూనిన యుపాధ్యాయుఁ డట్లనఁడు. ఆ సీమ పూర్వచరిత్రము గ్రంథములకంటె వ్యాసములలోనే యధికముగా నున్నది. వేములవాడ చాళుక్యులనుగూర్చి నేలటూరి వేంకటరమణయ్యగారి గ్రంథము 1953లో వెలువడినది. కాని దాని కాధారములైన శాసనములు పలువురు పరిష్కర్తలచేఁ బలు పత్రికలలోఁ బ్రకటింపఁబడినవి. సోమదేవసూరికి సంబంధించిన మూఁడవ యరికేసరి తామ్రశాసనము క్రీ. శ. 966 నాఁటిది, అది మహారాష్ట్రమందలి పర్భణీ పేర వ్యవహరింపఁబడుచున్నది. సిరిసిల్లలోని పండితుఁడు తన పొరుగూరి జినాలయమునుగూర్చి తెలిసికొనుటకుఁ బరరాష్ట్రపు పత్రికలను వెదకవలసి వచ్చుచున్నదన్నమాట! జగిత్యాల సీమలో గోదావరీ తీరమందలి కోటిలింగాలయందు దొరకిన చిముకుని నాణెములును, గోబద, నారన, కంవాయ, సమగోపుల నాణెములును మొదటఁ బండితలోకమునకుఁ దెలిసినది వ్యాసములవలననే. పరబ్రహ్మశాస్త్రిగారి యా వ్యాసములు నాణెశాస్త్ర పత్రికలలోనివి. అట్టి పత్రికల పూర్తి సంపుటములు తాలూకా గ్రంథాలయములలో నుండునని యాశించుట యత్యాశ. ఉండిన నొక విడిప్రతి యుండవచ్చును. అదియు నెవరో పండితుని యింటఁ బంచాంగముల నడుమ.

కురిక్యాల శాసనమును దీసికొందము. గంగాధర సమీపమున బొమ్మలగుట్టపై సుమారు క్రీ. శ. 945లోఁ బంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు చెక్కించిన యీ శాసనము సంస్కృత కన్నడాంధ్ర భాషలలో నున్నది. దానిలోని తెలుఁగు కందపద్యములు మూఁడు. నన్నయకు నూఱేండ్లు ముందే కందము తెలుఁగున నింత తీరుగా నడచినదనుట కవి సాక్ష్యములగుటచే, ఛందశ్చరిత్రమును జెప్పు ప్రతి పండితునకు నా పాఠము కావలసినదే. ఱాతిమీఁది యక్షరము లరిగినచోట నొక పరిష్కర్త యొకతీరునఁ జదువును. పిమ్మటివాఁడు మంచి ప్రతిబింబమును సంపాదించి దిద్దును. కాఁబట్టి యే పాఠము ముందటిది, యేది తరువాతిది యని తెలియక యుదాహరించుట ప్రమాదకరము. సంపుటసంఖ్యయు సంవత్సరమును లేని విడిప్రతి చేతనుంచుకొని, దిద్దుబాటైన పాఠమును బ్రాఁతదని త్రోసిపుచ్చి, త్రోసిపుచ్చఁబడినదానిని బాలురకుఁ జెప్పుట కెంతసేపు పట్టును?

ఈ సంవత్సరలోపమునకుఁ గారణ మచ్చుపనిలోనే యున్నది. గుణింతములకును వత్తులకును వేఱువేఱు దిమ్మెలు కావలసియుండుటచేఁ దెలుఁగు కూర్పున కక్షరపుఁబెట్టెలు విస్తారముగా నుండవలెను. చిన్న యచ్చుకూటముల కంత సామగ్రి యుండెడిది కాదు. ఒక ఫారము ముద్రితమైన వెంటనే దానిని విప్పి, యా యక్షరములను బెట్టెలలోఁ జేర్చినఁగాని తరువాతి ఫారము కూర్చుట సాగదు. అందుచే విడిప్రతులు కావలసిన రచయిత యచ్చుకుముందే తెలుపవలెను. యంత్రము నిలిచిన పిమ్మట నడిగిన లాభము లేదు. అప్పటికి సంచిక పై యట్ట కూర్పు కాకపోవుటయు, సంవత్సరమో సంఖ్యయో నిర్ణయము కాకపోవుటయుఁ గలదు. కావునఁ బత్రిక పేరు మాత్రము వేసి తక్కినది విడిచెడివారు. వ్యాసము ఫారము నడుమ ముగిసినచో వెనుకటి వ్యాసపుఁదోకయో, ముందటి వ్యాసపుఁదలయో విడిప్రతిలో నుండిపోవును. కొంద ఱట్టి భాగముపైఁ దెల్లకాగిత మంటింతురు. చదువరి దానిని బీఁకివేయరాదు. క్రిందనున్న యా నాలుగు పంక్తులవలననే తల్లిసంచికను గుర్తింపవచ్చును.

పుటసంఖ్యలు మఱియొక చిక్కు. కొన్ని విడిప్రతులు పత్రికలోని సంఖ్యలనే నిలుపును. కొన్ని యొకటి మొదలుకొని క్రొత్తగా లెక్కించును. పత్రికలో 171వ పుటలోనున్న వాక్యము విడిప్రతిలో 3వ పుటలో నుండవచ్చును. ఉదాహరించువాఁడు 3 అని వ్రాసి పత్రిక పేరు పెట్టినచో, దానిని వెదకువాఁడు వేఱొక వ్యాసమును దెఱచి విసుగుకొనును. ఎక్కువమంది యసత్యోదాహరణమని నిందించునది యీ చిన్న యజాగ్రత్తనే. పుట యడుగునఁ జిన్న యక్షరములతో నుండు ఫారపు గుర్తును జూచినచో, లెక్క క్రొత్తదో ప్రాఁతదో తేలును.

విడిప్రతి కొక్క గొప్ప గుణము కలదు. అది రచయిత చేతిమీఁదుగాఁ బోవును. మీఁద నాతని చేవ్రాలు, లోపల నాతని దిద్దుబాట్లు నుండవచ్చును. అట్టి ప్రతి పత్రికకంటెను విలువైనది. పత్రిక దిద్దుకొనలేని తప్పును రచయిత తన కలముతో దానిలో దిద్దియుండును. ఐనను, చేరినంతమాత్రమునఁ జదువఁబడునని లేదు. ఆనువంశిక శాస్త్రమునకు మూలపురుషుఁడైన మెండెలు 1866లో బ్రున్ పట్టణపు ప్రకృతిశాస్త్ర సంఘపు సంచికలో వెలువడిన తన వ్యాసమునకు 40 విడిప్రతులు తీయించి పండితులకుఁ బంపెను. కెర్నరు అను వృక్షశాస్త్రజ్ఞునకుఁ బంపిన ప్రతి పిమ్మట నాతని గ్రంథములలో దొరకినపుడు దాని పుటలు కోయఁబడియైనను లేవు.

మన యిండ్లలోని ప్రతుల కింతకంటె నధోగతి పట్టుచున్నది. వెన్నులేని సన్నని పుస్తకమగుటచే బీరువాలో నిలువదు. ఆదాయపుఁబట్టికలో గ్రంథముగా నెక్కదు. పండితుఁడు గతించినపుడు చిత్తుకాగితములతోఁ దూకమునకుఁ బోవును. ఉన్నవానికైనను దుక్క సూదుల త్రుప్పు కాగితమును దినివేయును. సూదులను దీసి నూలుదారముతోఁ గుట్టి, వెనుకటి తరమువారు తాటాకుల నుంచినట్లు గుడ్డలో మూటకట్టి యుంచుట మేలు. పలు విడిప్రతులను గలిపి బైండు చేయించుట మంచిదే కాని, యంచులు కోయింపరాదు. కోఁతలో మొదటఁ బోవునది రచయిత చేతి దిద్దుబాటే.

ఇప్పుడు ఛాయాచిత్రరూపమున నొక్కొక వ్యాసమును వేఱుచేసి చేతియంత్రములలోఁ బంచుకొనుచున్నారు. ఇదియు విడిముద్రణమే, రోగమును నదే. సంచిక పై యట్టను గూడఁ జిత్రించినవారు తక్కువ.

ప్రతిమీఁద సీసపుఁగడ్డితో వ్రాసియుంచవలసినది యింతే: తల్లిసంచిక పేరు, సంపుటము, సంఖ్య, సంవత్సరము, అందలి పుటలు, ప్రతి యెవరివలన వచ్చినది. శాసనవ్యాసమైనచోఁ జోటును గూడ వ్రాయవలెను. 1974లో ముద్రితమైన కరీంనగరము జిల్లా శాసనసంపుటము నాఁటి యవిభక్త జిల్లా కంతకు సంబంధించినది. 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేఱుపడినవి. కోరుట్ల జగిత్యాలలోఁ జేరినది, వేములవాడ సిరిసిల్లలోఁ జేరినది. కురిక్యాల మాత్రము కరీంనగరములోనే నిలిచినది. కావున జిల్లా పేరు మాత్రము చాలదు. గ్రామము పేరును, ప్రాఁత తాలూకా పేరును రెండును గుర్తింపవలెను.