కంచే చేను మేస్తే

మోచెయ్యి పొరపాటున బల్ల అంచుకు తగిలిందనుకోండి. చిటికెన వేలి కొసదాకా జివ్వుమంటుంది. ఎముకకు తగిలిందని మనం అనుకుంటాం గాని, నిజానికి ఆ దెబ్బ చర్మం కిందుగా పోతున్న ఒక నరానికి తగిలింది. దాన్ని అల్నార్ నరం అంటారు. మోచేతి వెనుక లోపలివైపు గాడిలో వేలు పెట్టి మెల్లగా కదిపి చూడండి. దారంలా జారుతూ తగులుతుంది.

కొన్నేళ్ళ కిందట మా ప్రయోగశాలలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు, సారాదీపం మీద కాగిన ట్రైపాడ్ స్టాండుకు చిటికెన వేలు ఆనించి నిలబడ్డాడు. పక్కవాడు కేక వేసేదాకా చెయ్యి తీయలేదు. ‘‘కాలలేదట్రా?’’ అంటే, ‘‘తెలవలేదండి మాస్టారూ’’ అన్నాడు. వాడి మోచేతి దగ్గర ఆ నరం తాడులా లావెక్కి ఉంది. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ. కుష్ఠు అని ఆసుపత్రిలో తేల్చారు.

కోనసీమకు ఈ జబ్బు కొత్త కాదు. రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టు మిషనువారు ఈ రోగులకోసం ఆశ్రమం పెట్టి నూరేళ్ళు దాటింది. దీనికి కారణమైన క్రిమిని 1873లో నార్వే దేశపు హాన్సెన్ కనిపెట్టాడు. 2005 డిసెంబరు నాటికి మన దేశంలో రోగుల సంఖ్య పదివేలమందికి ఒకరికన్న తగ్గింది. అంతటితో పోయిందనుకున్నవారు చాలామంది. 2022-23లో కూడా దేశంలో లక్షకు పైగా కొత్త రోగులు బయటపడ్డారు.

సరే, చర్మం మీద మచ్చకూ, వేలికి వేడి తెలియకపోవడానికీ సంబంధమేమిటి?

నరాన్ని కొబ్బరి పీచుతో పేనిన తాడు అనుకోండి. ఒక్కొక్క పీచూ ఒక తంత్రికాక్షం. దాని చుట్టూ ష్వాన్ కణాలు చాపలా చుట్టుకొని మయలిన్ తొడుగును ఏర్పరుస్తాయి. ఈ పీచుల మధ్య మరికొందరు కాపురముంటారు. వారే మాక్రోఫేజులు, అంటే భక్షక కణాలు. ఇవి మన రక్షణ దళంలోనివి. 1850లో వాలర్ అనే ఆంగ్లేయుడు కప్ప నాలుక నరాన్ని కోసి, తెగిన చోటు నుంచి అవతలి భాగమంతా శిథిలమవుతుందని చూశాడు. ఆ శిథిలాన్ని మింగి, దారి శుభ్రం చేసేవాటిలో భక్షక కణాలే ముఖ్యమైనవి. అప్పుడే కొత్త తంత్రికాక్షం పెరుగుతుంది, అదీ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మోచేతి నుంచి చిటికెన వేలికి ఎన్నాళ్ళు పడుతుందో స్కేలు పెట్టి మీరే లెక్క వేయండి.

మరి ఇంత మేలు చేసే కణాలుండగా కుష్ఠులో నరం ఎందుకు చెడుతుంది? క్రిమి ష్వాన్ కణాల్లో దూరి నేరుగా పాడుచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. రుజువు చూడడం కష్టం. ఈ క్రిమి గాజుపాత్రలో పెరగదు. ఒకటి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది!

దారి చూపింది ఒక చేప. చారల చేప, జీబ్రా ఫిష్. వేలి కణుపంత ఉంటుంది. దీని పుట్టిల్లు మన దేశపు ఏరులూ వరిచేలూ. దీని పిల్లలు గాజులా పారదర్శకం కనుక, నరాన్నీ కణాలనూ బతికుండగానే సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. 2017లో క్రెసిడా మాడిగన్, లలితా రామకృష్ణన్ బృందం వాటిలో కుష్ఠుక్రిముల్ని ప్రవేశపెట్టి చూసింది. భక్షక కణాలు వచ్చి క్రిముల్ని మింగాయి. ఆ తరువాతే నరం చెడింది. భక్షక కణాలు లేకుండా చేసిన చేపల్లో క్రిములున్నా నరానికి ఏమీ కాలేదు!

క్రిమి పైపొరలో చక్కెర, కొవ్వు కలిసిన పదార్థమొకటి ఉంది. అది తగిలితే భక్షక కణం రెచ్చిపోయి నైట్రిక్ ఆక్సైడు తయారుచేస్తుంది. శత్రువును చంపడానికి తీసిన ఆ ఆయుధం పక్కనున్న తంత్రికాక్షంలోని మైటోకాండ్రియాలను దెబ్బతీస్తుంది, మయలిన్ తొడుగు చెడుతుంది. చేపలకు క్షయ తెప్పించే మరొక క్రిమి చేత ఈ పదార్థాన్ని తయారు చేయిస్తే, అదీ నరాల్ని పాడుచేసింది. నాకైతే ఈ ప్రయోగం అన్నిటికన్న ముచ్చటగా తోచింది.

క్రిముల్ని చంపడానికి రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ మాత్రలున్నాయి. ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. ఆరు నెలలో, ఏడాదో వాడాలి. కాని చచ్చిన క్రిముల శకలాలు నరంలో చాలాకాలం మిగిలిపోతాయి. వాటిని చూసి రక్షణ కణాలు మందు వాడుతుండగానో, అయ్యాకనో మళ్ళీ విరుచుకు పడవచ్చు. నరం వాచి నొప్పెడుతుంది. మాత్రలే వికటించాయని చాలామంది మానేస్తారు. మానకూడదు. మాత్రలు వాడుతూనే, రక్షణ దళాన్ని శాంతపరిచే ప్రెడ్నిసొలోన్ కూడా డాక్టరు సలహాతో తీసుకోవాలి. అదీ నరం చెడిన కొద్ది నెలల్లోనే మొదలుపెడితే ఎక్కువ గుణం. దురద, నొప్పి లేని మచ్చను ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? అక్కడే ఆలస్యమవుతుంది.

మా కుర్రవాడికి రెండు మందులూ ఇచ్చారు. మందు మొదలుపెడితే అంటదు కనుక మర్నాటి నుంచే బడికి వచ్చాడు. పదో తరగతిలో ఉండగా ఒకసారి పిలిచి, కళ్ళు మూసుకోమని, కోడి ఈకతో అరచెయ్యి తాకి చూశాను. అంతటా తెలిసింది. చిటికెన వేలి కొస ఒక్కటే ఇంకా మొద్దుగా ఉంది.