మెదడులో రక్తనాళం ఉబ్బితే: వైద్యం డబ్బు వేరు, పరిశోధన డబ్బు వేరు

(తెలంగాణ రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం)

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం గోడ ఒక్కోసారి ఒకచోట పలచబడి, పాత సైకిల్ ట్యూబులా బుడగ కడుతుంది. డాక్టర్లు దీన్ని బ్రెయిన్ ఎన్యూరిజం అంటారు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. పగిలితే మాత్రం జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా వస్తుంది. వాంతులు కావచ్చు, మెడ పట్టేయవచ్చు, స్పృహ తప్పవచ్చు. బామ్ రాసి పడుకోబెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. బీపీ ఉన్నవారు, పొగ తాగేవారు, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

వైద్యం ఖర్చు

చికిత్స రెండు రకాలు. పుర్రె తెరిచి బుడగ మొదట్లో చిన్న క్లిప్పు పెట్టడం ఒకటి. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, బుడగలో ప్లాటినం తీగ చుట్ట (కాయిల్) నింపడం రెండోది. ఏది చేయాలన్నది బుడగ ఎక్కడుంది, ఎలా ఉంది అన్నదాన్ని బట్టి డాక్టర్లు తేలుస్తారు. ఆరోగ్యశ్రీలో ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితం. 2023 డిసెంబర్ 9 నుంచి ఈ పరిమితి అమల్లో ఉంది. కాయిళ్లు ఖరీదైనవి. ప్యాకేజీలో ఎన్ని వస్తాయి, ఇంకా కావాలంటే ఏం చేయాలి అన్నది ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

పరిశోధన ఖర్చు

ఈ కాయిల్ ఊరికే రాలేదు. గుగ్లియెల్మి అనే ఇటలీ డాక్టర్ అమెరికాలో పనిచేస్తూ దీన్ని తయారుచేశారు. 1990లో మొదటిసారి మనిషికి వాడారు. అయితే క్లిప్పు మేలా, కాయిల్ మేలా అని తేల్చాలంటే వేల మంది రోగులను ఏళ్ల తరబడి గమనించాలి. ఏ రోగి బిల్లులోనూ ఆ ఖర్చు వేయలేరు కదా! బ్రిటన్ ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ప్రధానంగా డబ్బు ఇవ్వడంతో 2,143 మందిపై ఆ పరీక్ష జరిగింది. ఫలితం 2002లో వచ్చింది. రెండు చికిత్సలూ చేయదగ్గ రోగుల్లో, ఏడాది తర్వాత చనిపోయినవారు లేదా ఇతరులపై ఆధారపడినవారు కాయిల్ వేసినవారిలో దాదాపు 24 శాతం, తల తెరిచినవారిలో దాదాపు 31 శాతం.

ప్రభుత్వ డబ్బు అన్ని ప్రశ్నలకూ సరిపోదు. అందుకే అమెరికాలో 1994లో మొదలైన బ్రెయిన్ ఎన్యూరిజం ఫౌండేషన్ లాంటి సంస్థలు విరాళాలు పోగుచేసి పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తున్నాయి. బేస్‌బాల్ ఆటగాడు జో నీక్రో 2006లో ఈ జబ్బుతోనే చనిపోతే, ఆయన కూతురు ఆయన పేరుతో ఇలాంటి సంస్థే పెట్టారు. ఈ సంస్థల డబ్బు ప్రధానంగా పరిశోధనకు, అవగాహనకు వెళుతుంది. మీ ఆసుపత్రి బిల్లు కోసం వాటి చుట్టూ తిరగకండి. దానికి ఆరోగ్యశ్రీ ఉంది. కార్డు వర్తించకపోతే ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పరిశోధనలో చేరమని అడిగితే

ఇక్కడే జాగ్రత్త కావాలి. ఈ జబ్బులో రోగికి తరచుగా స్పృహ ఉండదు. కాగితం మీ చేతికి, అంటే భార్యకో కొడుక్కో వస్తుంది. ఆపరేషన్ సంతకం వేరు, పరిశోధన సంతకం వేరు. "ఇది దేనికండీ?" అని అడగండి. చదవడం రాకపోతే ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ముందు మీ భాషలో చదివి వినిపించాలి. కొత్త మందుల పరీక్షలకు సంబంధించిన 2019 నిబంధనల ప్రకారం, పరీక్ష వల్ల రోగికి హాని జరిగితే ఉచిత వైద్యం అందించాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి.

వద్దంటే ఆరోగ్యశ్రీ వైద్యం ఆగదు. చేరాక మధ్యలో మానుకున్నా ఆగదు. "పరిశోధన నిధి" అంటూ మీ దగ్గర డబ్బు అడిగితే ఇవ్వకండి. ముందు ఆరోగ్యమిత్రకు చెప్పండి, తర్వాత 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. సంతకం చేసిన ప్రతి కాగితం నకలు తీసుకుని డిశ్చార్జి కాగితాలతో కలిపి ఉంచుకోండి.